నల్ల పోయినా జాగా ఉంది

మంగళవారం

పొద్దున బాపును కండ్ల దవాఖానకు తోల్కపోయిన. సికింద్రాబాద్ల రైలు దిగంగనే జనంల తప్పిపోయిండు. పాత స్టేషన్ కూలగొట్టి కొత్తది కడుతున్నరు, నాకే దారి తెల్వలే. గంటసేపు ఎతికిన.

ఆఖరికి రేకుల అడ్డం పక్కన, ఉత్త నేల మీద కూసోని కనపడ్డడు.

"గీడెందుకు కూసున్నవ్ బాపూ?"

"తప్పిపోతే నీళ్ల నల్ల కాడ కూసోవాలె."

ఎనుకట బాపు బొంబాయికి కూలిపనికి పోయేటప్పుడు మా పాలమూరు గుంపులు గీడనే రైలు మారేటియి. గా కట్టుబాటు అప్పటి గుంపు మేస్త్రి పెట్టిందే.

"నల్ల ఏది? తీసేసిన్రు గద!"

"నల్ల పోతే జాగా పోతదా? నేను తప్పిపోలే బిడ్డా, నువ్వే తప్పిపోయినవ్."

దవాఖానల వచ్చే నెల మల్ల రమ్మన్నరు. గప్పటికి గా జాగాల గోడ లేస్తే, బాపు యాడ కూసుంటడో...