మెట్ల మీద ఉప్పు

అమ్మా,

ఇక్కడ నేను గుండ్రాయిలా ఉన్నాను. అక్కడ నువ్వూ నాన్నా చల్లగా, మన బేకరీ పొయ్యి వేడిగా ఉండాలని కోరుకుంటున్నాను.

నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు సరిపోయాయి. వేళకి తింటున్నాను, బెంగపడకు. ఇక ఆర్డిస్ మామ్మ కేసు. రొట్టెలకి వచ్చి మన కొట్టు మెట్ల మీద మంచుకి జారి తుంటి విరగ్గొట్టుకుంది కదా, రాజీ పడాలా, జ్యూరీ దాకా వెళ్తే గెలుస్తామా అని అడిగావు. ఆ మాటకే వస్తున్నా, కాస్త ఓపిక పట్టు.

మాకు వ్యాపార చట్టం చెప్పే ప్రూయిట్ మేడమ్ లాంటి మనిషిని నేనెక్కడా చూడలేదమ్మా. "చట్టం బట్టీపడితే రాదర్రా, ఒకరి బతుకు మీద తీర్పుకి చెయ్యెత్తితేనే వస్తుంది" అంటుంది. పేరు వేయకుండా తలా ఒక తగాదా రాసుకు రమ్మంటుంది. అందులో ఒకటి తీసి, ఇద్దర్ని లాయర్లని చేసి, ఆరుగుర్ని జ్యూరీగా గదిలో పెట్టి తలుపేస్తుంది. అందరూ ఒక్క మాట మీదికి వస్తేగాని బయటికి రానివ్వదు. తనేమో గుమ్మం బయట కుర్చీ వేసుకుని నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఆవిడకి దణ్ణం పెట్టాలి!

మొన్న తీసిన కేసులో ఒక ముసలావిడ కొట్టు మెట్ల మీద జారిపడింది. జ్యూరీలో కూర్చున్న మేమంతా రేపు కొట్లు పెట్టబోయేవాళ్ళమే, ఇంకేం, అందరం కొట్టు పక్షమే. టైర్ల కొట్టు వాళ్ళబ్బాయి డ్వేన్, "చలికాలంలో మెట్ల మీద మంచుండక గులాబీలు పూస్తాయా? ఆవిడకి కళ్ళు లేవా?" అన్నాడు. నేను బల్ల గుద్ది మరీ వాడికి వంత పాడాను.

ఐనెజ్ అని ఒక పిల్ల ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. అది నెమ్మదిగా అడిగింది.

"ఆ పొద్దున కొట్టువాళ్ళు ఏ దారిన లోపలికొచ్చారు?"

"వెనక గుమ్మంలోంచి," అన్నాను కాగితం చూడకుండానే.

"అక్కడ మంచు లేదా?"

"ఉంది. అది కరగడానికి ఉప్పు చల్లారు."

"అయితే తమ కాళ్ళకి ఉప్పు గుర్తొచ్చింది, కొనేవాళ్ళ కాళ్ళకి రాలేదన్నమాట."

డ్వేన్ తల గోక్కుని, "ఓరి నాయనో, మా కొట్టులోనూ ఇంతే" అంటూ ముసలావిడ పక్షాన చెయ్యెత్తేశాడు. మిగతావాళ్ళూ ఎత్తారు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, అయినా చెప్పేస్తున్నాను. ఆ కేసు రాసిచ్చింది నేనే. పేర్లు మార్చాను, అంతే. గెలుస్తావని వాళ్ళ నోట విని, నీకు రాసి సంతోషపెడదామనుకున్నాను. అందరూ నాకోసం ఆగారు. నేనొక్కదాన్నే బిగుసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చేసింది. మామ్మ పడిన రోజు సెలవులకి ఇంట్లోనే ఉన్నాను కదమ్మా, వెనక గుమ్మానికి నువ్వెంత శ్రద్ధగా ఉప్పు చల్లావో కళ్ళారా చూశాను.

లాయరు మాట పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళు. ఆర్డిస్ మామ్మ చెయ్యి పట్టుకుని, తప్పు మాదే అను. కోపం వస్తే నన్ను తిట్టు, పడతాను. నువ్వంటే నాకు ప్రాణం. అయినా చివరికి నేనూ చెయ్యెత్తాను.

ఇట్లు,
నీ కన్నకూతురు,
జోలీన్