కారం చేతులతో చేసిన తీపి బన్నులు

కలకత్తా,
ఆదివారం మధ్యాహ్నం.

రూతమ్మక్కకు, తమ్ముడు దానియేలు చేతులు జోడించి రాసుకునే సంగతులు.

ముందుగా నా ఒంటి గురించి బెంగ పెట్టుకోకు. దగ్గు తగ్గింది. నీ నడుము నొప్పి ఎలా ఉంది? బావ ఆటో రిపేరు అయిందా? గ్రేసు వదిలేసి నడుస్తోందా, ఇంకా గోడ పట్టుకునే ఉందా? క్రిస్మస్‌కు రాలేదని నువ్వు అనలేదు. అనలేదు కాబట్టే ఎక్కువ గుర్తొచ్చింది.

ఫోనుండగా ఉత్తరమేంటని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఫోనులో రెండు నిమిషాలకే నా గొంతు లేస్తుంది, నువ్వు "సర్లేరా, ఉంటాను" అని పెట్టేస్తావు. కాగితం మీద అరవడం కష్టం. ఇది తీరిగ్గా చదువు, పిల్ల పడుకున్నాక.

పని మామూలే. మన వైపు నుంచి లారీల్లో వచ్చిన మిర్చి టిక్కీలు, అవే గోతాం బస్తాలు, దించించడం, కుట్లు విప్పి సరుకు చూడటం, రంగు పోయిన తాలుకాయలు ఏరించడం. ఏరేవాళ్లు తక్కువైన రోజు నేనే కూర్చుని ఏరతాను. ఇంత దూరం వచ్చి కూడా మన మిరపకాయల మధ్యే బతుకుతున్నాను. చలి బాగా ఉంది, పొద్దున ఎనిమిదింటికి కూడా ఎదుటి గోడౌను కనపడదు. తిండి సంగతి నీకు తెలిసిందే, ఇక్కడ కూరలో పంచదార వేస్తారు. మొదటి నెలలో ఆ విషయం మీద మెస్సులో గొడవ పెట్టుకున్నాను. ఇప్పుడు తలొంచుకుని తింటున్నాను.

నువ్వు పోయిన నెల అడిగావు, ఆదివారాలు ఏం చేస్తున్నావు, గుడికి వెళ్తున్నావా అని. అబద్ధం చెప్పను. ఆదివారాలు నేను చైనా బన్నుల కోసం తిరిగాను.

మొదటిది ఒక పెద్ద మాల్లో చూశాను. మన కుడుము లాంటి తెల్లటి బన్ను, ఆవిరి మీద ఉడికించి, లోపల కూర పెట్టి ఇస్తారు. అద్దాల పెట్టెలో పెట్టి దీపాలు వేశారు. పైన మెత్తగా ఉంది, నడుమ ముద్ద చల్లగా ఉంది. ఇంకో చోట అదే బన్నును నాలుకలా మడిచి, నడుమ కోడిముక్క, దోసకాయ పెట్టి, చైనా శాండ్‌విచ్ అన్నారు. నిండా తీపి సాసు. ఇంకో చోట మైదా పిండి పళ్లకు అంటుకుని వదలలేదు. కష్టపడి సంపాదించిన మనిషికి ఇలాంటి తిండి పెట్టడం మోసమని అక్కడి కుర్రాడితో అన్నాను. పాపం, అతనూ జీతగాడే. బయటికొచ్చాక సిగ్గేసింది.

ఇదంతా చూసి మా గోడౌను గుమాస్తా కోటయ్య బాబాయి నవ్వాడు. ఆయనది పొన్నూరు, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయింది.

"ఏరా, బన్ను తినడానికి మాల్‌కెళ్తావా? ఆదివారం పొద్దున ఆరింటికి పాత చైనా వాళ్ల బజారుకు పో. ఎనిమిదింటికల్లా అయిపోతుంది. నీ ఉపన్యాసాలు అక్కడ మాత్రం ఇవ్వకు."

వెళ్లాను. సన్నటి సందు, మంచు, అల్యూమినియం డబ్బాల నుంచి ఆవిర్లు. ఈ చైనా కుటుంబాలు తాతల కాలంలో ఇక్కడికొచ్చి స్థిరపడినవి. ఒక చివర చిన్న పీట మీద అరవై ఏళ్లావిడ కూర్చుని ఉంది. అందరూ ఆమెను మాసి అంటారు, అంటే ఇక్కడి మాటలో పిన్ని అని. కోడిమాంసం బన్ను అడిగాను. విప్పితే ఆవిరి ముఖానికి కొట్టింది. అల్లం, ఉల్లికాడలు, మెత్తటి మాంసం, దాని రసం లోపలి పిండికి పట్టి ఉంది. ఒక్క మిరపకాయ లేని తిండి ఇంత బాగుంటుందని మన వైపు పుట్టినవాడు ఒప్పుకోవడం తేలిక కాదక్కా. నేను ఒప్పుకుని ఇంకో మూడు తిన్నాను. అందులో ఒకటి పందిది, బావకు చెప్పకు. మడత బన్ను కూడా ఆమె దగ్గర ఉంది, నడుమ ఉడికించిన మాంసం, వేరుశనగ పొడి. అది తిన్నాక మాల్లోదాన్ని శాండ్‌విచ్ అనాలనిపించలేదు.

ఇక ప్రతి ఆదివారం అక్కడే. నా హిందీ, ఆమె హిందీ రెండూ అంతంతమాత్రమే, అయినా కుదిరింది. ఆమె బన్ను మూతి మడతలు పెట్టడం చూసి చూసి నేనూ నేర్చుకున్నాను. దబ్బనంతో టిక్కీలు కుట్టిన చెయ్యి కదా, మడతలు బాగానే పడ్డాయి. ఆమె నవ్వి, "నీ మడతలు బాగున్నాయి, మాటలే ఎక్కువ" అంది. ఈ ఊళ్లో నన్ను చూసి నవ్వే మనిషి ఆమె ఒక్కతే. అందుకే జరిగింది నీకు రాస్తున్నాను.

మూడు వారాల క్రితం ఆమె పాత గిరాకీ అయిన ఒక కుటుంబంలో బిడ్డకు నెల నిండింది. అది వాళ్లకు పెద్ద వేడుక. తీపి బన్నులు అరవై చెప్పారు. లోపల ఎర్ర గింజలు ఉడకబెట్టి చేసిన తీపి ముద్ద, అచ్చం మన బూరెల పూర్ణమే. శనివారం సాయంత్రం ఆమెతో పని చేసే మేనల్లుడికి జ్వరమని తెలిసి నేను గోడౌను నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. వద్దంది.

"నువ్వు పగలంతా పని చేసొచ్చావు. కూర్చో. నిదానంగా నేనే చేసుకుంటాను."

నేను వినలేదు. పని ఎవరి ఒక్కరి సొత్తూ కాదని, ఒకరు చేస్తుంటే ఇంకొకరు కూర్చుని చూడటమే అన్యాయమని చెప్పాను. కార్మిక సంఘం వాళ్ల చిన్న పుస్తకాల్లో చదివినదంతా ఆ వంటింట్లో చెప్పాను. ఆమె విసిగిపోయి పూర్ణం గిన్నె నా ముందుకు తోసింది. సబ్బుతో చేతులు కడుక్కుని అరవై ఉండలూ నేనే చుట్టాను.

నీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆ రోజంతా నేను తాలుకాయలు ఏరాను.

మర్నాడు సాయంత్రం వేడుక ఎలా జరిగిందో కనుక్కుందామని వెళ్తే, ఆమె సందు చివర వెనక్కొచ్చిన డబ్బాలు పక్కన పెట్టుకుని నిలబడి అడిగింది: "పూర్ణంలో ఏం కలిపావు? పిల్లలు ఏడ్చారు. పెద్దావిడ పెదాలు వాచాయి. డబ్బాలు వెనక్కి పంపారు."

నా సంగతి తెలుసు కదా. ఏం కలిపావు అన్న మాట ఒక్కటే వినపడింది. సాయం చేసినవాణ్ణి దోషిని చేస్తారా, ఊరు కానివాణ్ణి కాబట్టి నా మీద తోస్తారా అని అందరి ముందూ అరిచాను. జనం చేరారు.  ఆమె డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయింది. నేను గెలిచినట్టే గోడౌనుకొచ్చాను.

బుధవారం కోటయ్య బాబాయికి కన్ను ఎర్రబడితే చుక్కల మందు వేయమన్నాడు. రెప్ప పట్టుకుని తెరిచాను, అంతే.

"ఓరి నీ చేతులు పడ. మందేస్తున్నావా, కారం పూస్తున్నావా?"

"కడుక్కున్నా బాబాయ్."

"దేంతో?"

"సబ్బుతో."

"మిరపకాయల్లో పుట్టినోడివి, సబ్బుతో కారం పోద్దంట్రా? మీ ఇంట్లో ఆడోళ్లు పిల్లను ఎత్తుకునే ముందు ఏం చేస్తారో ఎప్పుడన్నా చూశావా?"

చూశాను. కల్లంలో తొడిమలు తీసే పని చేసొచ్చి నువ్వు ముందు కొబ్బరినూనె పట్టించి, తర్వాత శనగపిండితో రుద్ది, గోళ్ల సందులు పుల్లతో తీసి, నీ చేతినే ఒకసారి పెదవికి తాకించి చూసుకున్నాకే గ్రేసును తాకేదానివి. ఆ పిల్ల ఎంత ఏడ్చినా. అన్ని రోజులు చూశాను గాని, అది నాకు సంబంధించిన సంగతి అనుకోలేదు. నా చేతులకు మంట తెలియడం మానేసి చాలా రోజులైంది. నాకు తెలియలేదు కాబట్టి లేదనుకున్నాను.

తర్వాతి ఆదివారం నూనె, పిండి పెట్టి రుద్దుకుని వెళ్లాను. మాసి నన్ను చూసి తల తిప్పుకుంది. తప్పు నాదేనని చెప్పాను. బిడ్డకు కూడా నాకించారా అని అడిగాను. లేదంది. అయితే ఆ ఇంటివాళ్లు తమ కొత్త సంవత్సరం పండుగ బన్నులు ఇంకో చోట చెప్పుకుంటామన్నారట. వాళ్లను చూసి మిగతా వాళ్లు కూడా మానేస్తారని ఆమె భయం. ఆ పండుగ మీదే ఆమె ఏడాది నడుస్తుంది.

వెంటనే లేచాను. "ఇప్పుడే వెళ్లి వాళ్లకు చెప్తాను. మీ తప్పేమీ లేదని చెప్తాను."

"కూర్చో" అంది. "ఆ రోజు నేను వద్దన్నాను, నువ్వు చేశావు. నేను అడిగాను, నువ్వు అరిచావు. ఇప్పుడు కూడా నువ్వే వెళ్తావా? వాళ్లు నా మనుషులు. ఎప్పుడు వెళ్లాలో, ఏం చెప్పాలో నాకు తెలుసు. నేను రమ్మన్న రోజు రా."

కూర్చున్నాను. అక్కా, ఆ మాట నేను మొదటిసారి వినడం కాదు. కల్లంలో మేస్త్రి నిన్ను, పిల్లకు పాలివ్వడానికి లేచావని, "కనడానికి సెలవు, పాలకు సెలవు, ఇంక పనెప్పుడు చేస్తావమ్మా" అన్నప్పుడు నేను వెళ్లి వాడి చొక్కా పట్టుకున్నాను. నువ్వు నన్ను లాగి, "శనివారం దాకా ఆగలేకపోయావంట్రా" అన్నావు. అర్థం కాలేదు. పిరికితనం అన్నాను. నీ ముఖం మీదే అన్నాను. మీరు ఐదుగురు ఆడవాళ్లు శనివారం కలిసి యజమాని ఇంటికెళ్లి, పిల్లతల్లుల కోసం నీడ, కాస్త విరామం అడగాలనుకున్నారని తర్వాత బావ చెప్పాడు. నా గొడవతో మిగతా నలుగురూ భయపడ్డారు. మేస్త్రి నిన్ను పిలవడం మానేశాడు. నేను కలకత్తా రైలెక్కాను. ఏ పుస్తకంలో చదివానో ఆ పనే మీరు చేయబోతుంటే నేనే చెడగొట్టాను. తొమ్మిది నెలలు ఆ సంగతి నాకు తెలిసే ఉంది, నోటికి రాలేదు.

పోయిన గురువారం మాసి రమ్మంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడింది, వాళ్ల భాషలో, చాలాసేపు. నేను వెనక నిలబడ్డాను. చివర్లో నా వైపు చూసింది. "నా చేతుల కారం, నాదే తప్పు" అన్నాను. అంతే అన్నాను, ఎక్కువ అనలేదు. పెదాలు వాచిన పెద్దావిడ లేచొచ్చి నా వేలు పట్టుకుని తన పెదవికి తాకించుకుంది. ముఖం చిట్లించి ఏదో అంది. అందరూ నవ్వారు. మాసి చెప్పింది: "ఈ చేతులతో ఎవరినీ పెళ్లి చేసుకోకు అంటోంది."

పండుగ ఆర్డరు ఇస్తారో లేదో ఇంకా తెలియదు. ఆలోచిస్తామన్నారు. మాసి నన్ను పిండి దగ్గరకు రానివ్వడం లేదు. ఇవాళ పొద్దున డబ్బాల పక్కన నిలబెట్టి, "నీ గొంతుకేం తక్కువ లేదు, గిరాకీని పిలువు" అంది. రెండు గంటలు అరిచాను. గొంతు బొంగురుపోయింది, బాగుంది.

అక్కా, మళ్లీ కోతలు మొదలయ్యాయని బావ చెప్పాడు. మేస్త్రి నిన్ను ఈ ఏడు కూడా పిలవలేదని, నువ్వు పత్తి ఏరడానికి దూరం పోతున్నావని కూడా చెప్పాడు. ఇక్కడ కూర్చుని మేస్త్రి మీద అధికారులకు పెద్ద అర్జీ రాశాను. నాలుగు పేజీలు. బాగా వచ్చిందని రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా. పోయిన వారం దాన్ని పోస్టు చేయడానికి తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. చొక్కా పట్టుకున్నందుకు క్షమించమని అడగను, అది మేస్త్రికి తక్కువే. నిన్ను అడగకుండా పట్టుకున్నందుకు, పిరికిదానివన్నందుకు క్షమించు.

సమాధానమ్మ నాయనమ్మకు, పాస్టరయ్యగారికి నా వందనాలు చెప్పు. బావను అడిగానని చెప్పు. గ్రేసుకు నా ముద్దులు నువ్వే పెట్టు. నువ్వు ప్రార్థనలో నా పేరు తీస్తావని తెలుసు, మానమని అనను. వీలైతే ఒక చిన్న సీసాతో గానుగ కొబ్బరినూనె పంపించు, ఇక్కడిది జిడ్డు వదలదు.

ఆ అర్జీ ఈ కవర్లోనే పెట్టాను. నకలు ఉంచుకోలేదు. నువ్వు, ఆ నలుగురూ కూర్చుని చదవండి. పంపాలంటే పంపండి, మార్చాలంటే మార్చండి, పొయ్యిలో పెట్టాలన్నా మీ ఇష్టం. చివర నీ పేరు నేనే రాసి, నేనే సంతకం పెట్టేశాను. ఇవాళ దాన్ని కొట్టేశాను. కింద ఖాళీ ఉంది.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే తమ్ముడు,
దానియేలు