ఆ ఇరవై రెండు డబ్బాల సంగతి

ప్రొద్దుటూరు,
5-9-98, శనివారం.

చిరంజీవి వనజకు నీ జేజి ఆదిలక్ష్మమ్మ ఆశీర్వదించి వ్రాయడమేమంటే,

ఇక్కడ అందరం క్షేమం. ఈ మధ్య మన జిల్లాలో కాలూ చేయీ సక్రమంగా ఉన్నవాళ్ళందరినీ క్షేమం కిందనే రాస్తున్నారు. ఆ లెక్కన మేము మరీ క్షేమం. మీ నాయనకు డాక్టరు బీపీ మాత్ర ఒకటి పెంచాడు. మీ అమ్మ శుక్రవారాలు ఉపవాసం పట్టింది. అది నువ్వు తిరిగి రావాలనో, నేను తొందరగా పోవాలనో అడగలేదు. అడిగితే నిజం చెబుతుందని భయం.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఈ సోమవారం తిరుపతిలో ఆ బట్టల కంపెనీవాళ్ళకు మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెడతానని, ఇక మన నూనె మిల్లు గడప తొక్కనని రాశావు. ఆ సంతకం కంటే ముందు నీకు ఈ కాగితాలు చేరాలి. అందుకని నువ్వడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను.

నబీ రసూల్ చెయ్యి ఎలా ఉందని మొట్టమొదట అడిగావు. అతను తోలే మన టెంపో కాలి యాభై రోజులైంది. పుండ్లు మానాయి. ఎడమచేతి వేళ్ళు రెండు మాత్రం మడతపడడం లేదు. స్టీరింగు తిప్పుతాడట కానీ గేరు పట్టు దొరకడం లేదట. టెంపో కాలిన మరునాడు రెండు పార్టీలవాళ్ళూ అతను మా కార్యకర్త అంటే మా కార్యకర్త అని పేపర్లో చెప్పుకున్నారు కదా. ఫిబ్రవరిలో పోలింగు రోజు పులివెందులలో మన డబ్బాలు దింపుతూ ఓటే వేయని మనిషి అతను. అంత గొప్ప కార్యకర్తను చూడడానికి ఆసుపత్రికి ఏ పార్టీ నుంచీ ఒక్కడూ రాలేదు.

మిల్లు ఎలా నడుస్తోందని అడిగావు. నడవడం లేదు, పాకుతోంది. నువ్వు పోయిన వారానికే మీ నాయన పాత పద్ధతి పెట్టాడు. అంటే ప్రొద్దుటూరులో మనం నూనె ఆడిస్తాం, ఎక్కడ ఎంత కావాలో దేవుడికి తెలుసు అని కూర్చుంటాం. వినాయక చవితి ముందు పులివెందులలో మన అంగట్లో నూనె చుక్క లేక అబ్దుల్ సలాం మూడు రోజులు గిరాకీని వెనక్కి పంపాడు. సరిగ్గా ఆ మూడు రోజులూ జమ్మలమడుగు గిడ్డంగిలో నలభై డబ్బాలు గోడకు ఆనుకొని విశ్రాంతి తీసుకున్నాయి. గిడ్డంగి చూసే బాలన్నను మీ నాయన ఫోనులో నిలదీశాడు.

"నలభై డబ్బాలు పెట్టుకోని లేవంటివి గదప్పా?"

"మళ్ళా పంపుతారో పంపరో అని దాసిపెట్టినా సుబ్బరాయుడన్నా. పాప ఉన్నప్పుడు దాసిపెట్టే పనే లేకపాయె. అయిపోకముందే బండొచ్చి నిలబడతాండె."

మీ నాయన ఫోను పెట్టేసి నీ గది దాకా పోయి వచ్చాడు.

నీ కంప్యూటరు సంగతి. గుడ్డ కప్పి ఉంది. దాని కోసం పెట్టిన కూలరు ఇప్పుడు నా గదిలో తిరుగుతోంది. హాయిగా ఉందని రాస్తే నీకు కోపం, లేదని రాస్తే అబద్ధం.

ఇక నీ చివరి ప్రశ్న. "నా లెక్కలో తప్పు యాడ జరిగింది జేజీ? ఎన్నిమార్లు చూసుకున్నా దొరకడంల్యా" అని రాశావు. మూడు ఉత్తరాలుగా ఇదే అడుగుతున్నావు. మొదటి రెండుసార్లూ వాన గురించి, మీ అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి గురించి రాసి తప్పించుకున్నాను. ఈసారి జవాబు రాస్తాను. అయితే దానికి ముందు కొంత వెనక్కి పోవాలి.

మిల్లు గేటు పక్క నా బల్ల నీకు తెలుసు. దాని మీద ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఆ రోజుల్లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైన ఆడది ఈ వీధికంతా నేనొక్కతినే. మీ జేజినాయన నా చదువును వంటింట్లో పెట్టలేక, ఆఫీసులోకి రానివ్వడానికి మనసొప్పక, మధ్యలో గేటు దగ్గర బల్ల వేయించాడు. బస్సు కండక్టర్లు అక్కడ ఆగేవాళ్ళు. వేరుశనగకాయ తోలుకొచ్చే బండ్లవాళ్ళు ఆగేవాళ్ళు. ఊరూరా గాజులు అమ్మే ఖమర్‌బీ వారానికొకసారి మలారం దించి నా పక్కన కూర్చునేది. ఏ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి, ఎక్కడ చేను ఎండింది, ఈ వారం ఏ దారిన మన బండి పోకూడదు, ఇవన్నీ నా దగ్గరికి వచ్చి చేరేవి. మీ జేజినాయన బండికి తాడు బిగించేముందు గేటు దాకా వచ్చి, నా వైపు చూడకుండానే, "ఈ పొద్దు పోవచ్చునా?" అనేవాడు. ఆయన జీవితంలో నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. అది చాలని అనుకున్నాను.

తరువాత నువ్వొచ్చావు. ఆ బల్ల మీదే నేను ఎక్కాలు నేర్పిన పిల్లవు, తిరుపతిలో పెద్ద చదువు చదివి వచ్చి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటినీ ఒక తాడున కట్టావు. సాయంత్రం ఆరు కొట్టేసరికి రెండు ఊళ్ళ నుంచీ ఫోను రావాలి. పల్లెల్లో అంగళ్ళవాళ్ళు ఎన్ని డబ్బాలు అమ్మారో, ఎన్ని మిగిలాయో చీటీ రాసి కండక్టరు చేతికివ్వాలి. నువ్వు అన్నీ ఆ కంప్యూటరు పెట్టెలో ఎక్కించి, ఎవరూ అడగకముందే ఎవరికి ఏం కావాలో చెబుతావు. దాచుకునేవాడు లేడు, లేదనేవాడు లేడు. ఎంత చక్కని ఏర్పాటో మొదటి నెలలోనే నాకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే బాగుండేది.

కండక్టరు బల్ల దాటి నేరుగా లోపలికి పోయి, "వనజమ్మా, చీటీలు" అనడం మొదలుపెట్టాడు. తిరిగి పోతూ నాతో "బాగుండావా అవ్వా?" అనేవాడు. బాగున్నావా అని ఊరికే అడిగేది పని లేనివాళ్ళనే. మీ అమ్మ మజ్జిగ గ్లాసు మొదట నీ గదికి తెచ్చేది. ఒకనాడు అబ్దుల్ సలాం పులివెందుల నుంచి మిఠాయి పొట్లం పట్టుకొని వచ్చాడు గుర్తుందా? "ఈ నెలంతా ఒక్క గిరాకీని గూడా వట్టిచేతులతో పంపల్యా వనజమ్మా, నా సర్వీసులో ఇదే మొదులు" అని నీ చేతిలో పెట్టాడు. మీ నాయన అందరి ముందూ "నా కూతురప్పా" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి "మా అమ్మప్పా" అని ఆ నోట రాలేదు. మిఠాయి నాకూ ఒకటి ఇచ్చావు. పంటి నొప్పి అని చెప్పి తినలేదు. నాకు పంటి నొప్పి లేదు. అసూయ. సొంత మనవరాలి మీద, నేను ఎక్కాలు నేర్పిన పిల్ల మీద, కడుపులో మంట.

ఇక జూలై నెల సంగతి. ఆషాఢం. జమ్మలమడుగు అవతలి ఆ ఊరి పేరు రాయను. ఉత్తరాలు మనకంటే ముందు ఇతరులు చదివే కాలం. అక్కడ అంగడి పెట్టుకున్న నాగప్ప మామూలుగా వారానికి నాలుగు డబ్బాలు అమ్మేవాడు. ఆ వారం ఇరవై రెండు అమ్మాడు. నీ పెట్టె ఏం చెప్పాలో అదే చెప్పింది: సరుకు అయిపోతోంది, వెంటనే పంపు. నువ్వు ముప్పై డబ్బాలకు చీటీ రాశావు. రాసి, పెన్ను పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చావు.

"జేజీ, నాగప్ప అంగట్లో నూనె ఇంత పోతాంది. ఆ ఊర్లో పెండ్లిండ్లేమన్నా ఉండాయా?"

నేను తమలపాకు ఈనె తీస్తూ, "నన్నెందుకు అడుగుతావుమ్మే? నీ పెట్టెనే అడుగు" అన్నాను.

నువ్వు నవ్వావు. నేను కూడా నవ్వాను. అది ఎకసెక్కమని అనుకొని పోయావు.

వనజా, ఆ మాటకు రెండు రోజుల ముందే ఖమర్‌బీ వచ్చి వెళ్ళింది. ఆ ఊరి నుంచే వచ్చింది. గాజుల మలారం నిండుగా ఉంది, ఏమీ అమ్ముడుపోలేదు.

"పెద్దమ్మా, ఆ పెద్దింట్లో గాజులేసుకునే చెయ్యి ఒగటీ ల్యా. కొత్త కోడలు పుట్టింటికి పోయిందంటే ఆషాడమనుకుందాం. పదేండ్ల కోడలు గూడా పిల్లోళ్ళను ఇస్కూలు మాన్పిచ్చి ఎల్లిపాయె. కానీ పెరట్లో గాడిపొయ్యి తవ్వినారు. దినామూ నలభైమంది మొగోళ్ళకు వండుతాండారు. నాకు శానా భయమైంది, ఆ దిక్కు మళ్ళా పోను."

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. ఆడవాళ్ళు లేని ఇంట్లో నలభైమందికి వంట ఎందుకో మన ప్రాంతంలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పాలా? ఆ ఇరవై రెండు డబ్బాల నూనె ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. అవతలి వర్గం ఆ దారి కాస్తూ ఉంటుందనీ, కొట్లాటకు మనుషులను దించుకున్న ఆ ఇంటికి సామాను చేరవేస్తోందని ఏ బండినైనా అనుమానిస్తారనీ తెలుసు. నువ్వు వచ్చి అడిగావు. నేను చెప్పలేదు.

నబీ రసూల్‌కు ఏమైనా అవుతుందని అనుకోలేదు. ఇది నన్ను కాపాడుకోవడానికి రాయడం లేదు, నా తెలివి ఎంతటిదో నీకు తెలియాలని రాస్తున్నాను. దారిలో ఎవరో ఆపి బండిని వెనక్కి పంపుతారు, నీ పెట్టె పరువు పోతుంది, మీ నాయన గేటు దగ్గరికి వచ్చి "అమ్మా, ఈ పొద్దు పోవచ్చునా?" అని అడుగుతాడు. నా ఊహ అంతవరకే పోయింది. వాళ్ళు ఆపలేదు. బాంబులు వేశారు. నూనె అంటుకుంది.

ఆ సాయంత్రం మిల్లులో మీ నాయన అరిచాడు: "ఆడపిల్ల చేతికి యాపారమిచ్చి ఒగ మనిషి ఉసురు పోసుకుంటి గదరా!" నువ్వు నా వైపు చూశావు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. నువ్వు బట్టల పెట్టె సర్దుకున్న రోజున నేను పెరట్లో వడియాలు పెట్టాను, బాగా ఎండాయి. ఆ వారంలో కండక్టరు బల్ల దగ్గర ఆగి, "అవ్వా, ఏందంట కత?" అని నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు నాకు సంతోషం కలిగింది. ఈ వాక్యం కోసమే నాలుగు కాగితాలు చించాను. చేసిన తప్పు కంటే ఆ సంతోషం రాయడమే కష్టమైంది.

మొన్న బుధవారం జమ్మలమడుగు పోయి నబీ రసూల్‌కూ, అతని భార్య జరీనాకూ అంతా చెప్పాను. అతను తన చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు. జరీనా మాత్రం లేచి నిలబడింది.

"వనజమ్మ ఆస్పత్రిలో మా ఆయప్ప కాళ్ళు పట్టుకోని ఏడ్సింది. నాదే తప్పు, నాదే తప్పు అని. మీరు ఆ పక్కనే కుర్చీలో కూచోనుంటిరి పెద్దమ్మా. చూస్తా ఎట్ల కూచోనుంటిరి?"

నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఇంగ మా ఇంటికి మీరు రావద్దండి. ఆ పాపను రమ్మనండి" అంది. నాకు మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

గురువారం మీ నాయనకు చెప్పాను. "అమా, వాడు సచ్చిపోయింటే?" అన్నాడు. నిన్న మిల్లులో అందరినీ పిలిచి, జమ్మలమడుగు నుంచి బాలన్నను, పులివెందుల నుంచి అబ్దుల్ సలాంను కూడా రప్పించి, వాళ్ళ ముందు చెప్పమన్నాడు. చెప్పాను. నిలబడే చెప్పాను. బాలన్న ఒక్కడే, "పెద్దమ్మా, నేను డబ్బాలు దాసిపెడితే అందరూ తిట్టిరి. నువ్వు మాటనే దాసిపెట్టినావు గదమ్మా" అన్నాడు. యాభై ఏళ్ళలో వాడు అన్న తెలివైన మాట అదొక్కటి, అదీ నా మీదే.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: నీ లెక్కలో తప్పు లేదు. ఎంత అమ్మారో, ఎంత మిగిలిందో నీ పెట్టెకు తెలుసు. ఎందుకు అమ్ముడుపోయిందో చెప్పవలసిన మనిషి గేటు దగ్గర కూర్చుని నోరు మూసుకుంది. నువ్వు వస్తే ఇకమీద ఖమర్‌బీ చెప్పేవీ, కండక్టర్లు చెప్పేవీ నేను రోజూ సాయంత్రం ఆరింటికి నీ గదికి వచ్చి చెబుతాను. అవి రాసిన తరువాతే బండి కదలాలి. రానంటే కూడా నీకు నేను అడ్డం చెప్పను. ఆ బట్టల కంపెనీకి మాత్రం సిగ్గుతో పోవద్దు, ఇష్టంతో పో. సిగ్గుపడవలసింది నువ్వు కాదు.

అసూయ పోయిందని అనుకోవద్దు. నువ్వు రేపు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటే నాకు మళ్ళీ మండుతుంది. మండినా నోరు తెరుస్తాను.

ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు.

దీన్ని పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. మీ నాయన నీ ముందుకు రావడానికి తనకు మొహం లేదన్నాడు. నోటితో చెబితే మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తానని నాకు తెలుసు, అందుకే రాసినది రాసినట్టే తెచ్చాను. మీ హాస్టలు కింద వరండాలో కూర్చొని ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను. కాపలా ఉండే నిర్మలమ్మ కవరు పైకి తెస్తానంది. "ఆ పాపకు నువ్వేమవుతావు?" అని అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. ప్రొద్దుటూరుకు ఆఖరి బస్సు ఐదున్నరకట. టిక్కెట్లు ఇంకా తీయలేదు. ఒకటి తీయాలో రెండు తీయాలో నువ్వు చెప్పు.

ఇట్లు,
కింద మెట్ల దగ్గర కూర్చున్న
నీ జేజి