నీళ్ల కుండ మీది చెక్క

మే నెల, రెండో శనివారం
రెంటచింతల

తప్పు నాదే. కుమ్మరి సారె మీద బిగించుకుని పళ్లేలు చేసే గుండ్రటి చెక్కల్ని నిన్న కడిగి, గోడకు ఆనించి ఎండలో వదిలేశాను. ఈ ఊరి ఎండకు ప్లైవుడ్ అప్పడంలా వంగిపోయింది. ఈరోజు దాని మీద చేసిన పళ్లెం ఒకవైపు లేస్తూ ఒకవైపు దిగుతూ తిరిగింది.

నానమ్మ అరుగు మీంచే చూసింది. "మీ తాత తన సారె చెక్కకి ఎండ తగలనిచ్చేవాడు కాదే. నీడన రెండు ఇటికల మీద పడుకోబెట్టేవాడు. మీ కుండల కాలేజీలో ఇది చెప్పలేదా ఏందే?"

చెప్పారు. నేనే వినలేదు. చిన్నప్పుడు ఆ చెక్కని ఆటకు ఎత్తుకుపోతే తాత వీధి చివరిదాకా వెంటపడేవాడు.

నానమ్మ లోపలికెళ్లి నీళ్ల కుండ మీది మూత తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ చెక్కే! తాత పోయినప్పటి నుంచీ కుండ మీదే ఉంది. ఇన్నేళ్ల తడికీ వంగలేదు. ఆయన పచ్చి పళ్లేల్ని దారంతో కోసి తీసినప్పటి గీతలు ఇంకా ఉన్నాయి.

"కరెంటు సారెకి చెక్కని పట్టే పిన్నులుంటాయి నానమ్మా. దీనికి రెండు బెజ్జాలు వేయాలి."

"ఏసుకో, నాకేంది," అంటూ అటు తిరిగింది. అటే చూస్తూ, "ఆయనైతే కాస్త మట్టి మెత్తి సారెకి అంటించేవాడు," అంది.

డ్రిల్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. సారెకున్న పిన్నులే ఊడదీశాను. మట్టి పట్టు నిలుస్తుందో, సగంలో చెక్క ఎగిరిపోతుందో...

ఇందాక మంచినీళ్లకి వెళితే, కుండ మీద అప్పటికే స్టీలు పళ్లెం మూత పెట్టి ఉంది.