రెండు గొంతులూ కాని అరుపు

జూలై 12, శనివారం. దుప్పట్లు ఉతికాను, బియ్యం చెరిగాను, పసుపు సగమే దంచాను.

మా నవ్య చూసే జపాన్ కార్టూన్‌లో కుర్ర వీరుడికి వాళ్ల భాషలో నా ఈడు ఆడమనిషి గొంతు ఇస్తుందట, ఇంగ్లీషులో ఒక మగమనిషి. వాడు దెబ్బలు తినే సీను నవ్య రెండు భాషల్లోనూ పెట్టి వింటుంది. వంటింట్లో ఉన్నా నాకు తేడా తెలిసిపోతుంది. అరిచే ముందు ఆమె ఊపిరి పీల్చుకుంటుంది, అతను పీల్చడు.

సాయంత్రం పసుపు దంచుతుంటే ఒక అరుపు వినిపించింది.

"గిది జపానామెదా, ఇంగ్లీషాయనదా?" అని అడిగాను.

"రెండూ కాదమ్మా. టీవీ ఎప్పుడో బంద్ చేసిన."

చేతిలో రోకలితోనే మేడ మీదికి పరుగెత్తాను. పైన కిరాయికుండే శ్రీను తలుపు ఓరగా తీసి, "ఏం లేదక్కా, మీ పిల్ల కార్టూన్ సప్పుడు" అన్నాడు. వాడి వెనక వాడి పెళ్లాం సునీత నేల మీద ఉంది. నోటి నిండా రక్తం. పన్నొకటి గడప దగ్గర పడి ఉంది.

ఇన్నాళ్లూ మా టీవీ చాటునే కొట్టాడన్నమాట. రోకలితో వాడి మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడైంది. "వద్దక్కా" అన్నాడు. మళ్లీ కొట్టాను. నవ్య వచ్చి పట్టుకోకపోతే మూడోది తలకే తగిలేది.

దవాఖానలో కుట్లు వేయించుకుని వచ్చి సునీత నా పక్కనే నిద్రపోతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఇప్పుడు అరుస్తుందేమో అనిపిస్తోంది.

వాడి బట్టలు మూటగట్టి, వాడిచ్చిన కిరాయి అడ్వాన్సు పైసలు అందులోనే పెట్టి గేటు బయటికి విసిరాను. శ్రీను బాకీ చెల్లు.