కుడి భుజం మీది బరువు

అక్కా,

కొనేశానోచ్! చవకది, తేలికది! ఆరేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేసుకునే నాకు, రోలులాంటి ఆ పాత ల్యాప్‌టాప్ పీడ వదిలింది.

కొట్టతను మెమరీ, ప్రాసెసర్ అంటూ ఏకరువు పెడుతుంటే, నేను ఒక్కోదాన్నీ సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకుని కొట్టంతా పచార్లు చేశాను.

"ఇవి చెప్పులు కావండీ, నడిచి చూడ్డానికి!" అన్నాడు.

అయిదోది తగిలించుకున్నాక, సంచి ఉందో లేదో అని తడుముకున్నాను. "ఇదే ఇచ్చెయ్యండి!" అన్నాను.

నా కుడి భుజం వాలిపోయిందని, నాతో ఒక్క మాటైనా అనకుండా, అటువైపు అరంగుళం తగ్గించి నా జాకెట్లు కుడుతున్నావని నాకెప్పుడో తెలుసు. ఈసారి రెండు భుజాలూ సమానంగా కత్తిరించు. భుజం ఇంకా లేవలేదులే. జాకెట్టును చూసి సిగ్గుపడి అదే లేస్తుంది!

నిటారుగా నిలబడబోయే
నీ చెల్లి