ఇంజను ఆపే ముందు ప్రార్థన

గుంటూరు,
20 నవంబరు 1988, ఆదివారం

చిరంజీవి జయపాల్‌కు,

అమ్మ ప్రేమతో దీవించి రాసే ఉత్తరం. దేవుడి దయవల్ల నేనూ నానమ్మా బాగానే ఉన్నాం. పూణేలో చలి ముదిరిందని రాశావు. స్వెట్టరు వేసుకుని, వేళకి తింటూ నువ్వూ బాగానే ఉన్నావన్న నమ్మకంతో మొదలుపెడుతున్నాను. "బాగానే ఉన్నాం" అని రాసి కాసేపు కలం ఆపాను. అబద్ధం కాదు. పూర్తి నిజం అవునో కాదో ఈ ఉత్తరం అయ్యేలోపు నీకే తెలుస్తుంది.

నానమ్మ సంగతి ముందు అడిగావు. చెవులు ఇక పోయినట్టే. ఈ ఉదయం ఆరాధనకి చర్చి గంట మోగుతుంటే సరిగ్గా ఆ గంట కిందే నిలబడి, "ఇంకా గంట కొట్టలేదేందే?" అని నన్నడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటిదాకా నిలవలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

పోయినేడు తెల్లదోమ పత్తిని మింగేశాక పర్చూరు, చిలకలూరిపేట వైపు చాలామంది ఈసారి మిరప వేశారు. ఫిబ్రవరి నుంచి యార్డుకి కాయ దిగితే లారీలు చాలవంటున్నారు. కాబట్టి నీ లెక్క తప్పు కాదు. గిద్దలూరు దగ్గర కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కి నంద్యాల, బళ్ళారి వైపు వెళ్ళగలిగే బండికి ఈ సీజనులో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. శిక్షణ కాగానే వచ్చి నాన్న బండి నేనే తోలతాను, ఇంజనుకి బలం పెంచుతాను, నువ్వు సరేనంటేనే వస్తాను, లేదంటే ఇక్కడే ఉద్యోగంలో చేరిపోతాను అని రాశావు. మూడు ఉత్తరాలుగా అదే అడుగుతున్నావు. మూడుసార్లూ నేను బ్రేకుల గురించి రాశాను.

బ్రేకులు ముఖ్యం కాదని కాదు. కాలేజీలో నా క్లాసులు అయ్యాక రిక్షా ఎక్కి మెకానిక్ గౌస్ బాషా షెడ్డుకి వెళ్ళడం నాకు అలవాటైపోయింది. అక్కడ ఒక పీపా బోర్లించి, దానిమీద గోనెపట్టా వేసి, "టీచరమ్మ కుర్చీ" అని పేరు పెట్టాడు. నువ్వు పంపిన ప్లాను చదివి వినిపిస్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంది టీచరమ్మా, బలం పెంచటానికి బిడ్డ రాసిన కాయితంలో బలం ఊసే లేదే! రేడియేటరంట, క్లచ్చంట, వేడి చూపే మీటరంట. ఇదంతా ఎందుకు? డీజిలు పంపు మీద స్క్రూ ఒక్క తిప్పు తిప్పానంటే బండి ఘాటెక్కి కూచుంటది."

"తిప్పితే ఏమవుతుంది?" అన్నాను.

"డీజిలు ఎక్కువ పడతది. లాగుతది."

"దాన్ని తగలెయ్యడానికి గాలి ఎక్కడిది?"

"గాలి తోయటానికి బిడ్డ పంపే కొత్త టర్బో వస్తదిగా!"

"టర్బో ఇచ్చే గాలికి ఒక హద్దు ఉంది కదా. ఆ హద్దు దాటి డీజిలు పోస్తే నల్లపొగ వస్తుంది. పొగతోపాటు వేడి. ఘాటు మీద ఎక్కినంతసేపూ ఆ వేడి పిస్టన్ల నెత్తిన ఉంటుంది. కొండ ఎక్కుతుందిలే. దిగడానికి ఇంజను మిగలాలిగా."

"కాలేజీ పిల్లలు మీ క్లాసులో ఎట్టా కూచుంటారో గానీ, నాకు మాత్రం జొరమొచ్చేట్టుంది," అన్నాడు. అయినా స్క్రూ జోలికి పోలేదు. నువ్వు రాసిన వరసే ఖాయం చేశాం. ముందు చల్లబరిచేవి, తర్వాత ఆపేవి, చివర లాగేవి. రేడియేటరుకి కొత్త కోరు వేశాం. బ్రేకు గాలి ఎక్కడ కారుతోందో సబ్బునీళ్ళు పూసి వెతికి, గొట్టాలన్నీ మార్పించాను. పొగగొట్టం మొదట్లో వేడి మీటరు పెట్టించాను, దాని ముల్లు డ్రైవరు కళ్ళెదురుగా ఉంటుంది. ఇంజనులోకి గాలి వెళ్ళే గొట్టంలో ఒక రేకు తలుపు, క్యాబినులోంచి తీగ లాగితే మూసుకునేట్టు. ఇది మాత్రం నీ ప్లానులో లేదు, నేను పెట్టించాను. పంపు స్క్రూ తిప్పడం చిట్టచివర, అదీ మీటరు చూస్తూ, మెడలో పలక వేలాడేసిన పిల్లాడిలా బుద్ధిగా. ఈ పోలిక గౌస్ బాషాది.

ఆ రేకు తలుపు ఎందుకో చెప్పాలంటే నువ్వు అడిగిన రెండో ప్రశ్నకి రావాలి. "నాన్న చనిపోయిన రోజు అసలేం జరిగింది, క్లీనరు యలమందయ్య నీతో ఏం చెప్పాడు?" అని అడిగావు. రెండేళ్ళుగా ఇంజను పట్టేసి బండి వెనక్కి జారిందని మాత్రమే నీకు చెప్పాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మీద కాస్త తేలికేమో.

మీ నాన్న టర్బో పెట్టించిన కొత్తల్లో, పెట్టినవాళ్ళు ఒక్క మాట గట్టిగా చెప్పారు. లోడుతో పరుగెత్తి వచ్చిన ఇంజనుని వెంటనే ఆపకూడదు, కాసేపు మెల్లగా తిరగనివ్వాలని. వేడి పొగకి గిర్రున తిరిగే ఆ చిన్న చక్రం ఇంజను ఆగినా వెంటనే ఆగదు. ఇంజను ఆగితే దానికి చమురు అందదు. ఇరుసు చుట్టూ మిగిలిన చమురు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. నాన్న దానికి గడియారం పెట్టుకోలేదు. బండి వీధిలో ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టి పరలోక ప్రార్థన రెండుసార్లు చెప్పుకుని, ఆమెన్ అని, ఇంజను ఆపే స్టాప్ పుల్ల లాగేవాడు. నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు గుమ్మంలో నిలబడి రెండో ఆమెన్ కోసం చూసేవాడివి.

కానీ బుధవారాలు? బుధవారం సాయంత్రం మనింట్లో ప్రార్థన కూటం. మన పేటలో ప్రార్థన మొదలయ్యాక సైకిలు గంట కూడా కొట్టరు. నాన్న ఎంత దూరం నుంచి, ఎంత బరువుతో వచ్చినా వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి, బండిని చప్పుడు లేకుండా జారనిచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. "క్రీస్తుదాసు భక్తి చూడండయ్యా, లారీకి కూడా మౌనం నేర్పాడు," అని పాస్టరు గారు అందరిముందూ మెచ్చుకున్నారు. అందరం మెచ్చుకున్నాం. దారిలో ఊళ్ళల్లో ఎక్కడ కూటం కనపడినా అదే చేసేవాడట. మిగతా రోజులు ఇంజనుని కాపాడిన ప్రార్థనే ఆ రోజుల్లో దాన్ని కాల్చింది. పట్టేసిన ఇంజనుని బాగుచెయ్యడానికి షెడ్డులో పాత టర్బో విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇరుసు చుట్టూ నల్లగా, పొయ్యిలో మాడిన బెల్లంలా గడ్డకట్టి ఉంది. గౌస్ బాషా వేలితో గీకి, వాసన చూసి, ఆ రోజు మాత్రం ఏ జోకూ వెయ్యలేదు.

యలమందయ్య చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తాను.

"సగం ఘాటెక్కామమ్మా. ఉన్నట్టుండి టర్బో ఈల ఆగిపోయింది. ఎనకంతా తెల్లపొగ. అయ్య యాక్సిలేటరు మీద కాలు తీసేశాడు. తీసినా ఇంజను గుక్కపట్టి అరుస్తానే ఉంది. స్టాప్ లాగాడు. పుల్ల ఊడి చేతిలోకొచ్చింది. డీజిలు లేకపోయినా తిరుగుతానే ఉందమ్మా అది! అయ్య నా వంక చూసి, 'దీనికి దేవుడు కూడా చెప్పలేడురా, దూకు,' అన్నాడు. నేను దూకా."

అరిగిన ఇరుసు పక్కనుంచి చమురు గాలిగొట్టంలోకి కారింది. ఇంజను తన చమురే తాగి తిరిగింది, అయిపోయాక పట్టేసింది. కారుతున్న బ్రేకు గొట్టాల్లో అప్పటికి గాలి మిగల్లేదు. బండి వెనక్కి జారి కొండరాయికి కొట్టుకుంది. ఇంజనులోకి గాలి పోకుండా ఒక్క తలుపు ఉండి ఉంటే అది ఆగేది. అందుకే ఆ రేకు.

ఇదిగో, ఇప్పుడు చెప్పాల్సింది. బాబూ, నువ్వు కంగారుపడొద్దు. నాకు పిచ్చి పట్టలేదు, రేపు పొద్దున్నే క్లాసుంది.

ఈ రెండేళ్ళుగా దీపాలు పెట్టే వేళకి మన వీధిలోకి నాన్న బండి వస్తోంది.

రోజూ కాదు. ముందు ఈల. అది ఏ ఇంజనుదో ఈ చెవులకి తెలుసు, చివర్లో కొంచెం జీర ఉండేది. తర్వాత గుమ్మం ఎదురుగా ఇంజను మెల్లగా తిరుగుతున్న చప్పుడు. కిటికీ తెరిస్తే ఏమీ ఉండదు. ఎదురింటి సైదాబీ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ, "ఏందక్కా?" అంటుంది. మొదట్లో రైసు మిల్లు అనుకున్నాను. మిల్లు సెలవు రోజున కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి ఒక శబ్దం కోసం ఎదురుచూసిన చెవి, అది లేనప్పుడు తానే తయారుచేసుకుంటుందని నాకు నేను పాఠం చెప్పుకున్నాను. ఆ పాఠం బాగానే ఉంది, నానమ్మ లేకపోతే.

గంట కింద నిలబడి గంట వినపడని మనిషి, ఆ చప్పుడు వచ్చిన రోజు మాత్రం మంచం మీద లేచి కూర్చుని, "అబ్బాయి వచ్చాడే, నీళ్ళు తోడు," అంటుంది. నేను చెప్పకముందే. నేను తోడతాను, జయపాల్. బావి దగ్గరికి వెళ్ళి నిజంగానే తోడతాను. తర్వాత ఆ నీళ్ళు మల్లెచెట్టుకి పోస్తాను.

ఇంకో మాట. ఆ ఇంజను వస్తుంది, తిరుగుతుంది. ఆగడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. గుమ్మంలో నిలబడి రెండుసార్లు ప్రార్థన చెబుతాను. రెండో ఆమెన్ దగ్గర ఊపిరి బిగపడతాను. ఆగదు. ఎప్పుడో నా ధ్యాస మళ్ళినప్పుడు మాయమవుతుంది.

నువ్వు పంపిన కొత్త టర్బో సెప్టెంబరులోనే వచ్చింది. నీకు రాయలేదు. గౌస్ బాషాకీ చెప్పలేదు. గోనెసంచిలో చుట్టి నా మంచం కింద పెట్టాను. నువ్వు అడిగిన ప్రతిసారీ బ్రేకులన్నాను, మీటరన్నాను. అవన్నీ నిజమే, కానీ అసలు భయం అది కాదు. కొత్తది బిగిస్తే ఈల మారిపోతుంది. ఆ బండి గొంతు మారిపోతే, సాయంత్రం వచ్చేవాడు ఏ గొంతుతో వస్తాడు? కొడుకు ప్రాణానికి మంచి ప్లాను వేస్తున్నానని చెప్పుకుంటూ, ఒక చప్పుడుని దాచిపెట్టుకున్నాను. బుధవారం కూటంలో కూర్చుని ఈ మాటే తలుచుకున్నాను. అందరం తలలు వంచుకున్నాం, వీధంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకునే కదా మేమాయన్ని పోగొట్టుకున్నాం అనిపించింది. ఇప్పుడు నేను దాస్తున్నది కూడా అలాంటిదే కాదని ఎవరు చెప్పగలరు?

నిన్న శనివారం మధ్యాహ్నం ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో షెడ్డుకి వెళ్ళాను.

"ఏంది టీచరమ్మా, కోడిని తెచ్చారా?" అన్నాడు గౌస్ బాషా. విప్పి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "బంగారం దాచినట్టు దాచారే!"

బిగించారు. స్టార్టు చేసే ముందు చమురు ఇరుసుదాకా చేరాలని స్టాప్ లాగిపట్టి ఇంజనుని కాసేపు ఊరికే తిప్పించాను. తర్వాత రేకు తలుపు తీగ లాగి చూశాను, ఇంజను పీక నొక్కినట్టు ఆగింది. మళ్ళీ స్టార్టు చేసి, ఇటుకల లోడు వేసి నరసరావుపేట రోడ్డులో తిప్పి తెచ్చారు. వేడి ముల్లు గీత దాటలేదు. కొత్త ఈల సన్నగా, జీర లేకుండా ఉంది. యలమందయ్య అది విని షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. బండి లోపలికి రాగానే గౌస్ బాషా స్టాప్ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి," అన్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని క్యాబిను ఎక్కాను. ఆయన పక్కకి జరిగాడు. ప్రార్థన మొదలుపెట్టాను, పైకే. ఒకసారి. రెండోసారి సగంలో తర్వాతి మాట మర్చిపోయాను. బయటినుంచి యలమందయ్య అందుకున్నాడు. ఆమెన్ అనే చోట గౌస్ బాషా కూడా "ఆమీన్" అన్నాడు.

స్టాప్ లాగాను. ఇంజను ఆగింది. జయపాల్, ఆగింది! తర్వాత కొన్ని క్షణాలు ఆ చిన్న చక్రం లోపల ఒంటరిగా తిరుగుతూ సన్నగా, ఇంకా సన్నగా, వినపడనంత సన్నగా ఈల వేసి, అదీ ఆగింది.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. వీధి గుమ్మంలో కూర్చున్నాను. సైదాబీ బియ్యం చెరిగి లోపలికి వెళ్ళిపోయింది. సైకిళ్ళు వెళ్ళాయి. ఏ చప్పుడూ రాలేదు. రాని రోజులు ఇదివరకూ ఉన్నాయి, అలాంటి రోజే అనుకున్నాను.

అప్పుడు లోపలినుంచి నానమ్మ పిలిచింది.

"ఏమే, ఇవాళ అబ్బాయి రాలేదేందే?"

ఈ రెండేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అలా అడగలేదు. రాని రోజుల్లో కూడా అడగలేదు. వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. చెవి దగ్గర నోరు పెట్టి, "వస్తాడత్తయ్యా. శిక్షణ అయిపోయాక వస్తాడు," అన్నాను. ఆవిడ ఏ అబ్బాయి అని అడగలేదు. నీళ్ళు తోడమనలేదు కూడా. గోడవైపు తిరిగి పడుకుంది.

మంచి పని చేశానో, ఆయన్ని మళ్ళీ పంపించేశానో నాకు తెలియడం లేదు. నీ ప్రశ్నకి మాత్రం జవాబు తెలుసు. రా. బండి తోలు, ఘాటు ఎక్కు. పంపు తిప్పడం మీటరు చూసి నువ్వే చెయ్యి. బుధవారం కూటం మధ్యలో వచ్చినా సరే, గుమ్మం ఎదురుగా ఇంజను తిరగనివ్వు. పాస్టరు గారికి నేను చెప్పుకుంటాను. రెండో ఆమెన్ దాకా నువ్వు ఆపకు, అయ్యాక ఆపు. ఆ ఆగడం నేను వినాలి.

నీళ్ళు తోడి ఉంచుతాను.

ఇట్లు,
గుమ్మంలో నీకోసం చూసే
అమ్మ